కందనకాయలో సీసపు గుండు

ఉప్పల్‌లో 'డక్' అన్న మాట ఎక్కువగా వినపడేది క్రికెట్ స్టేడియంలో. బ్యాటర్ సున్నాకే వెనుదిరిగితే గ్యాలరీ అంతా 'డకౌట్' అని గోల పెడుతుంది. నిజానికి ఆ డక్కు బాతు కాదు, బాతుగుడ్డు. స్కోరుబోర్డు మీద సున్నా గుడ్డులా కనపడుతుందని ఇంగ్లండులో ఎవరో చేసిన వెటకారం అలా స్థిరపడిపోయింది. అసలు బాతులకు కావలసింది చెరువు. ఉప్పల్‌కు నల్లచెరువు ఉంది, నాచారానికి పెద్ద చెరువు ఉంది. ఎంత ఉన్నాయి, ఎలా ఉన్నాయి అని అడక్కండి, అది వేరే వ్యాసం.

మా నాచారం వీధిలో ఒక పెద్దాయన ఇంట్లో వాళ్ల తాత నాటి తుపాకీ ఉంది. రెండు గొట్టాలు పక్కపక్కన ఉండే ఇంగ్లీషు సరుకు. హైదరాబాదీలు దీన్ని దోనాలీ బందూకు అంటారు. దసరాకు తీసి, తుడిచి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి మళ్లీ పెట్టెలో పడుకోబెడతాడు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు కాగితంతో సహా పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. ఒక దసరా రోజు ఊరికే అడిగాను.

"తాతా, బాతుల వేటకు దీంట్లో ఏ తూటా వేస్తే మంచిది?"

"ఏది ఏసినా జైలే బిడ్డా" అన్నాడాయన, తల ఎత్తకుండా.

ఆయన మాట అక్షరాలా నిజం. అయితే ఇదే ప్రశ్న ఇంగ్లండులోనో అమెరికాలోనో ఇలాంటి తుపాకీయే ఉన్నవాణ్ని అడిగితే గంటసేపు చెబుతాడు, మధ్యలో నిట్టూరుస్తాడు కూడా. సీసం వాడకూడదని చట్టం, ఉక్కు వాడితే తాతగారి తుపాకీ పాడు, మిగతావి వాడితే జేబు ఖాళీ. ఆ తగువును పట్టుకుని తవ్వుకుంటూ పోతే దారిలో కోనసముద్రం కొలుములు, శాతవాహనుల నాణేలు, ఉప్పల్ రోడ్డు ప్రయోగశాలలు, చివరికి కోడిమాంసం కొట్టు కూడా తగిలాయి. దొరికినవి దొరికినట్టు ఇక్కడ పోస్తున్నాను.

జైలు ఎందుకంటే

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన రోజునే బాతుల వేట పూర్తిగా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. మొదట్లో ఆ చట్టంలోనే చిన్న జంతువుల వేటకు లైసెన్సు ఇచ్చే వీలుండేది. 1991 సవరణ ఆ తలుపు మూసేసింది. 2022 సవరణ జాబితాలను కుదించి, జరిమానాలు పెంచింది. మామూలు ఉల్లంఘనకే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తుపాకుల మీద లెక్క వేరే. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు దించారు. తాతలిచ్చిన వారసత్వం మూడుంటే ఒకటి వదులుకోవలసిందే.

పేరులోనే సీసం

పెద్దాయన తుపాకీ పన్నెండు బోరు. ఈ పన్నెండు అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గోళాలుగా పోస్తే, అందులో ఒక గోళం ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది పన్నెండు బోరు గొట్టం. లెక్క కట్టి చూశాను: ఒక్కో గోళం దాదాపు 37.8 గ్రాములు, అడ్డుకొలత 18.5 మి.మీ. ఇరవై బోరు అంటే పౌనుకు ఇరవై గోళాలు, కాబట్టి గొట్టం సన్నం. అంకె పెరిగితే గొట్టం తగ్గే ఈ తిరకాసుకు కారణం ఇదే.

సీసం బదులు ఉక్కుతో తూచి ఉంటే అదే గొట్టానికి పదిహేడు బోరు అని పేరు పడేది. సీసాన్ని నిషేధించిన దేశాల్లోనూ తుపాకీ పేరు మాత్రం సీసంతోనే తూగుతోంది.

ఇంటి పైకప్పు మీంచి వాన

తూటాలో ఉండే చిన్న గుండ్లను మనవైపు ఛర్రాలంటారు. ఇవి ఒక్కోటి అచ్చులో పోసినవి కావు. 1782లో బ్రిస్టల్ నగరంలో విలియం వాట్స్ అనే ఆయన కరిగిన సీసాన్ని జల్లెడ లాంటి పళ్లెంలోంచి ఎత్తు నుంచి జారవిడిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పడుతూ పడుతూనే బొట్టు గుండ్రమవుతుంది, కింద తొట్టిలో నీళ్లలో పడి గట్టిపడుతుంది. దీనికోసం ఆయన తన ఇంటినే పైకీ కిందికీ పెంచి బురుజు చేశాడు. సీసంలో రవ్వంత ఆర్సెనిక్ కలిపితే బొట్టు ఇంకా గుండ్రంగా వస్తుంది. అంటే బాతు మింగే గుండులో ఒక విషానికి తోడు మరో విషం. కాకపోతే సీసం ముందు దాని వంతు చాలా చిన్నది.

కోడిమాంసం కొట్టులో పాఠం

ఆదివారం పొద్దున నాచారంలో ఏ చికెన్ కొట్టు ముందు నిలబడ్డా "కందనకాయ ఏయాల్నా అన్నా?" అని అడుగుతారు. నాటుకోడి కందనకాయను నిలువునా కోసి తెరిస్తే లోపల పసుపుపచ్చని తోలు, దాని మధ్య ఇసుక, చిన్న రాళ్లు. కోడికి పళ్లు లేవు. మింగిన గింజను నమలాల్సింది కందనకాయే. అందుకని అది రాళ్లు ఏరుకుని మింగి లోపల ఒక తిరగలి పెట్టుకుంటుంది.

బాతు కూడా అంతే. తేడా ఏమిటంటే, అది రాళ్లు ఏరుకునేది చెరువు అడుగు బురదలో. వేటగాడు పేల్చిన తూటాలో బాతుకు తగిలేవి కొన్నే, మిగతావన్నీ నీళ్లలో పడతాయి. మూడు మిల్లీమీటర్ల సీసపు గుండు ఒక్కోటి 0.16 గ్రాములు. అలాంటివి 32 గ్రాముల తూటాలో రెండు వందలు. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఒకే రేవులో పేలిస్తే బురదలో ఎంత జల్లినట్టు? సీసం తుప్పు పట్టి మాయమయ్యే సరుకు కాదు. ఆ బురదలో బాతుకు గులకరాయీ, గింజా, ఛర్రా ఒకలాగే కనపడతాయి.

మామూలుగా ఏదైనా లోహపు ముక్క మింగితే పక్షి రెట్టతో బయటికి పోవాలి. కందనకాయలో పడితే పోదు. తిరగలి దాన్ని రాళ్ల మధ్య పెట్టి రుబ్బుతుంది, కడుపులోని ఆమ్లం ఆ పొడిని కరిగిస్తుంది, అది రక్తంలోకి ఎక్కుతుంది. రక్తం ఎర్రబడటానికి కావలసిన పదార్థం తయారయ్యే దారిలో మొదటి ఎంజైముల్లో ఒకదాన్ని సీసం పనిచేయనివ్వదు. నరాలు చచ్చుబడతాయి. బాతు ఎగరలేదు, రెక్కలు రెండువైపులా పెంకుటింటి వాలులా కిందికి జారతాయి, రెట్ట పచ్చగా మారుతుంది. మేత అరగదు. ఒంట్లో కండ కరిగి రెండు మూడు వారాల్లో చచ్చిపోతుంది. మింగినది ఒకటో రెండో గుండ్లైనా చాలు. చచ్చేలోపు దాన్ని గద్ద పట్టుకుపోతే విషం గద్దకు.

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. అమెరికాలో జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ తన పత్రికలో సీసం తిని చస్తున్న బాతుల గురించి 1894లోనే రాశాడు. 1959లో ఫ్రాంక్ బెల్రోజ్ అనే శాస్త్రవేత్త వేలకొద్దీ కందనకాయలు తెరిచి చూసిన లెక్కలు కూడగట్టి, ఉత్తర అమెరికాలో ఏటా నీటిపక్షుల్లో నూటికి రెండు మూడు ఇలాగే పోతున్నాయని అంచనా కట్టాడు. అమెరికా దేశమంతటా బాతుల వేటలో సీసం ఆగింది 1991లో. తెలుసుకోవడానికీ ఆపడానికీ మధ్య తొంభై ఏడేళ్లు. మన దగ్గర ఏ ఫైలైనా ఆలస్యమైతే ఈ అంకె గుర్తు చేసుకుని ఊరట పొందవచ్చు. ఇంకో కాకతాళీయం: అదే 1991లో మన చట్టం వేటకే తలుపు మూసింది. వాళ్లు తూటా మార్చారు, మనం తుపాకీనే దించేశాం.

మెత్తనివాడు

మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు. సీసం విషయంలో అది తిరగబడింది. తుపాకీ గొట్టానికి సీసమంత మంచి చుట్టం లేదు. బరువుంది కాబట్టి దూరం పోతుంది, మెత్తన కాబట్టి గొట్టం లోపలి నునుపును గీకదు, మూతి దగ్గర దారి ఇరుకైనా నలిగి సర్దుకుపోతుంది. ఆ మెత్తదనమే కందనకాయలో సులభంగా అరిగిపోయి బాతును చంపుతుంది. తుపాకీకి మేలు చేసే గుణమూ పక్షికి కీడు చేసే గుణమూ ఒకటే. ఈ మొత్తం తగువుకు మూలం ఇదేనని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఉక్కు గుండుకు గుణాలన్నీ తలకిందులు. పేరుకు ఉక్కు గానీ, అది నిజానికి మెత్తబరిచిన ఇనుమే. అయినా సీసం కంటే ఎన్నో రెట్లు గట్టి. పాత ఇంగ్లీషు తుపాకుల గొట్టాలు పల్చన, లోహం మెత్తన. మూతి దగ్గర గొట్టాన్ని కాస్త ఇరుకు చేస్తారు, ఛర్రాలు చెదిరిపోకుండా. దీన్నే చోక్ అంటారు. ఉక్కు గుండ్లు ఆ ఇరుకులో నలగవు, గొట్టాన్నే తోస్తాయి. బయట చుట్టూ ఉంగరంలా ఉబ్బు వస్తుంది. తాతగారి తుపాకీకి అదే చివరి వేట.

తేలిక కావడం ఇంకో ఇబ్బంది. ఘనసెంటీమీటరు సీసం 11.3 గ్రాములైతే ఉక్కు 7.9 లోపే. తేలిక గుండు గాలిలో తొందరగా అలసిపోతుంది. మూడు మిల్లీమీటర్ల సీసపు గుండు బరువు ఉక్కులో రావాలంటే 3.4 మిల్లీమీటర్లది కావాలి. అందుకే అమెరికా వేటగాళ్లు ఉక్కుకు మారినప్పుడు రెండు సైజులు పెద్దది కొనమని చెప్పుకుంటారు.

మరో చిక్కు తూటా పొడవుది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో తూటా కూర్చునే గది చాలావరకు రెండున్నర అంగుళాలు, అంటే 65 మి.మీ. ఇప్పుడు లోకమంతా వాడేది 70 మి.మీ. చేతికి రెండూ ఒకలాగే అనిపిస్తాయి. పొడుగు తూటా లోపల పడుతుంది కూడా. పేలాకే తెలుస్తుంది, దాని మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి పెరిగిందని. పుణే దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారయ్యే శక్తిమాన్ తూటాలు రెండు పొడవుల్లోనూ వచ్చాయంటే మన దేశంలో ఇంకా ఎన్ని పాత గొట్టాలున్నాయో ఊహించుకోవచ్చు.

పెద్దాయన తుపాకీ గొట్టాల కింద చిన్న ముద్రలున్నాయి. ఆభరణం మీద హాల్‌మార్కు లాంటివి. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి తుపాకులను మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి, పగలకపోతేనే ముద్ర కొట్టే శాల ఉంది. ఏ మందుకు పరీక్ష చేశారు, గది పొడవెంత అన్నది ఆ ముద్రల్లోనే ఉంటుంది. నల్ల తుపాకిమందుకే పరీక్ష అయిన గొట్టంలో నేటి తూటా వేయడం, సీసమైనా ఉక్కైనా, తెలివి తక్కువ పని.

కోనసముద్రానికి ఒక అప్పు

కొన్ని పాత తుపాకుల గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. డమాస్కస్ గొట్టాలంటారు. వాటిని చూపించి "ఇది మన ఉక్కే" అని గర్వంగా చెప్పేవాళ్లను చూశాను. సగం నిజం. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు మూసల్లో వండినది. దానికి పేరుపడ్డ ఊళ్లలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కూర్చునేవారని, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్‌సీ అనే వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు రాసిపెట్టాడు. ఇంగ్లీషులో ఆ ఉక్కును వూట్జ్ అంటారు. ఆ మాట కన్నడ, తెలుగు 'ఉక్కు'లోంచే వచ్చిందని పండితులు చెబుతారు.

డమాస్కస్ గొట్టం మాత్రం వేరే సంగతి. ఇనుప, ఉక్కు పట్టీలను కలిపి జడలా మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తితో అతికిస్తే వచ్చేది. బెల్జియంలో లీజ్, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దీనికి పెట్టింది పేరు. కత్తి మీది గీత ఉక్కు లోపల పుట్టినది, గొట్టం మీది గీత అతుకుల్లో పుట్టినది. అతుకు అతుకే కాబట్టి ఇలాంటి గొట్టాల్లో ఉక్కు గుండ్లు అసలు వేయరు. ఉక్కు అన్న మాటను లోకానికి ఇచ్చిన మనమే ఈ ఉక్కు గుండును చూసి నవ్వుకోవాలి.

మిగిలిన అభ్యర్థులు

బిస్మత్: సాంద్రత 9.8, సీసానికి బాగా దగ్గర. పాత తుపాకీ ఉన్నవాళ్ల మొదటి ఎంపిక ఇదే, ఎందుకంటే గొట్టాన్ని నొప్పించదు. ఒట్టిదైతే పెళుసు, అందుకని కొంచెం తగరం కలుపుతారు. కడుపులో పుండ్లకు డాక్టర్లు రాసే కొన్ని మందుల్లో ఉండేదీ బిస్మత్తే. ఒక లోహం బాతు కడుపును తినేస్తే, దాని పక్కింటి లోహం మనిషి కడుపును బాగు చేస్తోంది. నిజంగానే పక్కిల్లు: మూలకాల పట్టికలో సీసం 82, బిస్మత్ 83. ఇంకా విచిత్రం, లోకంలో బిస్మత్‌లో చాలా భాగం సీసం శుద్ధి చేసేటప్పుడు పక్కన మిగిలేదే. సీసం మానాలంటే సీసం తవ్వాలి. ధర ఎక్కువగా ఉండటం ఎవరికీ ఆశ్చర్యం కాదు.

టంగ్‌స్టన్: సాంద్రత 19.25, బంగారానికి 19.3. ఈ పోలిక వల్లే బంగారు కడ్డీల మోసాల్లో లోపల టంగ్‌స్టన్ దిమ్మె పెట్టి పైన పూత వేస్తారు, తూకానికి దొరకదు. అయితే ఇది ఉక్కు కంటే గట్టి. పాత గొట్టంలో నేరుగా వేస్తే వినాశనమే. పొడి చేసి ప్లాస్టిక్‌తో కలిపి సీసమంత మెత్తగా చేసినది మాత్రమే పనికొస్తుంది. ఖరీదు సంగతి అడిగేవాడు కొనడు. మన కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ కూడా టంగ్‌స్టన్ మిశ్రలోహాల మీద పనిచేసింది. అది యుద్ధ ట్యాంకుల కవచాన్ని చీల్చే గుండ్ల కోసం, బాతుల కోసం కాదు. 2005లో అమెరికా పరిశోధకులు టంగ్‌స్టన్, నికెల్, కోబాల్ట్ కలిసిన సైనిక మిశ్రలోహపు ముక్కలను ఎలుకల కండలో పెట్టి చూస్తే కణుతులు వచ్చాయి. 'విషం లేనిది' అన్న చీటీని కలిపిన ప్రతి లోహానికీ విడిగా చదవాలని అప్పుడు తెలిసింది.

జింకు: ప్రయత్నించారు. బాతులకు అదీ విషమేనని తేలింది. తప్పింది.

తగరం: మన పాత కళాయి సరుకు. విషం కాదు గానీ ఉక్కు కంటే తేలిక. దూరం పోదు.

అయస్కాంతం ఉన్న అధికారి

తూటా పైకి చూస్తే లోపల ఏముందో తెలియదు. ఇంగువ డబ్బాలో ఏముందో వాసన చూస్తే తెలుస్తుంది, ఇక్కడ అదీ లేదు. బయటి దేశాల్లో తనిఖీకి వెళ్లే వన్యప్రాణి అధికారులకు చిన్న అయస్కాంతం పెద్ద ఆయుధం. ఉక్కు గుండైతే తూటా అంటుకుంటుంది. అంటుకోకపోతే సీసమో, బిస్మత్తో, ఇంకోటో, కోసి చూడాలి.

ఉప్పల్ రోడ్డు మీద సీసం

మన వైపు బాతుల వేట లేదు గానీ, సీసాన్ని చదవగలిగేవాళ్లు మాత్రం ఈ రోడ్డు చుట్టుపక్కలే ఉన్నారు.

రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంది. తుపాకీ కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్లు నిందితుడి చేతి మీద వెతికేది రక్తం ఒక్కటే కాదు. తూటా అడుగున ఉండే చిటపట మందులో సీసం, బేరియం, యాంటిమొనీ ఉంటాయి. పేలిన వేడికి అవి ఆవిరై, మళ్లీ గడ్డకట్టి, కంటికి కనపడని గుండ్రని రేణువులుగా చేతి మీద వాలతాయి. మూడూ ఒకే రేణువులో దొరికితే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది బలమైన సాక్ష్యం. ఇప్పుడు కొన్ని దేశాల్లో చిటపట మందులోంచి కూడా సీసాన్ని తీసేస్తున్నారు. షూటింగు రేంజిలో రోజంతా ఊపిరి పీల్చేవాళ్లకు అది మంచి కబురు, సాక్ష్యం వెతికేవాళ్లకు కొత్త తలనొప్పి.

హబ్సిగూడ దగ్గర, 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ. సీసానికి నాలుగు స్థిరమైన ఐసోటోపులు: 204, 206, 207, 208. చివరి మూడింట్లో కొంత భాగం యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ మిగిల్చినదే. ఏ గని సీసంలో ఏది ఎంత పాలో వేరువేరుగా ఉంటుంది కాబట్టి, ఆ పాళ్లే దాని పుట్టుమచ్చ. ఎన్‌జీఆర్‌ఐ లాంటి చోట్ల రాళ్ల వయసు చెప్పే శాస్త్రం ఇదే. అదే శాస్త్రంతో కాలిఫోర్నియాలో 2006లో ఒక చిక్కుముడి విప్పారు. అక్కడి కాండోర్ రాబందులు సీసంతో చస్తుంటే, ఆ సీసం తూటాలదా, పెయింటుదా, పెట్రోలుదా అని వాదన. పక్షుల రక్తంలోని పాళ్లు తూటాల సీసంతో సరిపోయాయి. 2019 జూలై నుంచి ఆ రాష్ట్రంలో ఏ వేటకూ సీసం తూటా లేదు.

ఈ రోడ్డు మీద వాహనాల పొగలోనూ ఒకప్పుడు సీసం ఉండేది. ఇంజను టకటకలాడకుండా పెట్రోల్లో కలిపేవారు. 2000లో దేశమంతా ఆపేశారు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది.

ఒకప్పుడు డబ్బు కూడా

సీసంతో తెలుగువాళ్ల బంధం పాతది. శాతవాహనులు బంగారం జోలికి పోకుండా సీసంతో నాణేలు పోశారు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన వాటిలో అవీ ఉన్నాయి. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉండి కూడా ముద్ర చదవగలిగేలా మిగిలాయి. పురావస్తువాళ్లకు అది వరం. చెరువు అడుగున ఛర్రాలకూ అదే ఆయుష్షు అనుకుంటే మాత్రం కాస్త గుబులు.

ఒక్క రోజు, 4,273

భరత్‌పూర్ కేవలాదేవ్‌లో ఒక రాతి ఫలకం ఉంది. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో కొట్టిన పక్షులు 4,273 అని దాని మీద చెక్కి ఉంది. ఇప్పుడది జాతీయ పార్కు, ప్రపంచ వారసత్వ స్థలం. ఫలకాన్ని తీసేయకుండా ఉంచడం నాకు నచ్చింది.

మన వైపు అంత పెద్ద ఫలకాలు లేవు. ఉప్పల్ నుంచి రింగురోడ్డు పట్టి ఎల్బీనగర్ దాటితే వచ్చే మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. నిజాం ప్రభుత్వమే డబ్బిచ్చి 1931, 32లలో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేయించింది. చేసినవాడు సలీం అలీ. ఆ రోజుల్లో పక్షిని గుర్తించడమంటే కొట్టి, చర్మం నింపి, చీటీ కట్టడం. సన్నని ఛర్రాల తూటా కూడా బైనాక్యులర్స్‌తో సమానంగా శాస్త్రం సామానే. ఆయన్ను పక్షుల దారి పట్టించింది కూడా చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక. తర్వాత తన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు. 1980లో హైదరాబాదులో పక్షులను చూసేవాళ్ల సంఘం పుట్టేనాటికి చేతుల్లో మిగిలింది బైనాక్యులర్సే.

మట్టి పళ్లాల వేట

హైదరాబాదులో దోనాలీ ఇప్పటికీ చట్టబద్ధంగా మోగే చోటు ఆటస్థలం. ట్రాప్ షూటింగులో ఎగిరే మట్టి పళ్లెమే పక్షి. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఈ పోటీలో దిగాడు. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణం, విడిగా కాంస్యం తెచ్చాడు. ఈ ఆటలో తూటాకు 24 గ్రాముల సీసం. అర్హత పోటీలో 125 పళ్లాలు. పళ్లానికి ఒక్క తూటానే లెక్కేసుకున్నా ఒక మనిషి మూడు కిలోల సీసం గాల్లోకి విసిరినట్టు. మంచి రేంజిలైతే మట్టి జల్లించి దాన్ని తిరిగి ఏరుకుంటాయి.

చట్టం వచ్చినా

డెన్మార్క్ 1996లోనే సీసపు ఛర్రాలను పూర్తిగా మానేసింది. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి నీటి తావుల్లో ఆపింది. బ్రిటన్‌లో తొమ్మిది వేట సంఘాలు కలిసి 2020లో "అయిదేళ్లలో మేమే మానేస్తాం" అని ప్రకటించాయి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆ తర్వాతి తొలి రెండు సీజన్లలో అంగళ్లలో ఫెజెంట్ పిట్టలు కొని కోసి చూస్తే, గుండు దొరికిన వాటిలో 99 శాతానికి పైగా సీసమే. వాగ్దానం పని చేయక చివరికి 2025లో ప్రభుత్వమే నిషేధం ప్రకటించింది. అక్కడి వేటగాళ్లు మొండివాళ్లని నేననను. అల్మరాలో తాత తుపాకీ ఉన్నవాడికి ఉక్కు గుండు అంటే ఎంత భయమో పైన చెప్పాను కదా.

తుపాకీ లేని సీసం

అదే బ్రిటన్‌లో 1987లో ఒక చిన్న నిషేధం వచ్చింది. చేపల గాలాలకు కట్టే చిన్న సీసపు బరువుల అమ్మకం ఆపేశారు. థేమ్స్ నదిలో హంసలు వాటిని గులకరాళ్లనుకుని మింగి చస్తున్నాయని.

ఈ సంగతి చదివిన రోజు నాకు విసురు వల గుర్తొచ్చింది. మన చెరువుల మీద బెస్తవాళ్లు గుండ్రంగా విసిరే వల అంచు చుట్టూరా వరసగా గుచ్చినవి సీసపు గుండ్లే. అంచు బరువుగా మునిగితేనే చేప తప్పించుకోదు. రాయికి తగిలి తెగితే ఒకటీ అరా నీళ్లలోనే ఉండిపోతాయి. దోనాలీ పెట్టెలోకి పోయి ఎన్నో ఏళ్లైనా చెరువు బురదలోకి సీసం చేరే దారి మూసుకుపోలేదన్నమాట.

మొన్న ఆదివారం చికెన్ కొట్టు కుర్రాణ్ని అడిగాను, నాటుకోళ్ల కందనకాయల్లో ఇప్పటిదాకా ఏమేం చూశావని. కత్తి ఆపకుండానే చెప్పాడు.

"రాళ్లే ఎక్కువ అన్నా. గాజు ముక్కలొస్తయ్. ఒకసారి చెవికమ్మ దిద్దు దొరికింది, బంగారందేమో అనుకున్న."

"కాదా?"

"రోల్డ్ గోల్డ్. కడిగి మా చెల్లెకిచ్చిన."